తోడు కరెంటు

మబ్బు పట్టి మూడు రోజులైంది. మధ్యాహ్నం గోడకున్న సోలార్ పెట్టె మళ్లీ చెప్పింది: "లైను బలహీనంగా ఉంది. మీ ఇల్లు తోడు ఇస్తోంది."

ఆలూరులో ప్రతి ఇంటి పెట్టె లైనుకు తోడు కరెంటు ఇవ్వాల్సిందే. అది తానుగా ఏ పనీ చేయదు, పనిచేసే కరెంటు పడిపోకుండా పట్టుకుంటుంది. ఇచ్చినంతసేపూ పెట్టె వేడెక్కుతుంది. ఆ వేడి మీదే వీధి వీధంతా పాలు తోడేసుకుంటుంది. సుంకమ్మ గిన్నె కూడా అక్కడే ఉంది.

మంచం మీద ఆమె భర్త ఈరన్న ఆక్సిజన్ మిషన్ గొట్టంతో పడుకున్నాడు. రాళ్ల క్వారీ దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్ని తినేసింది. మిషన్ నడిపే ఇంటి బ్యాటరీ మబ్బుకు నిండక, ఇంకో గంట కూడా వచ్చేలా లేదు.

ఉక్కకు ఆయనకు విసురుతూనే సుంకమ్మ సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసింది.

"మా ఇంటి తోడు ఆపన్నా. మా ఆయన మిషను ఆగిపోతాది."

"తోడు ఖర్చు కాదమ్మా. పోతాది, తిరిగొస్తాది."

"మరి పెట్టె ఎందుకు కాలుతుండాది?"

అవతలి మనిషి ఒప్పుకున్నాడు.

"వేడికి కొంచెం పోతాదిలే. ఆపితే ఆస్పత్రి లైను పడిపోతాది. అక్కడా మిషన్లే కదా. పెట్టెకు గాలి తగలనియ్యి, కొంచెం మిగులుతాది."

సుంకమ్మ గిన్నె దించింది. పెరుగు అప్పుడే గట్టిగా తోడుకుంది. విసనకర్రతో పెట్టె ముందు నిలబడింది.

ఈరన్న కళ్లు తెరవకుండానే అడిగాడు. "గాలి రాలేదే. ఎవరికి విసురుతుండావు?"

"నీకే" అంది సుంకమ్మ, పెట్టెకు విసురుతూ.