తప్పినవాళ్ల గ్రాఫు

ఎకనామెట్రిక్స్, అంటే అంకెల్లోంచి ఆర్థిక కారణాలు వెతికే సబ్జెక్టు, మొదటి క్లాసు. ఈ కోర్సు ఉంచాలో ఎత్తేయాలో తేల్చడానికి మా డిపార్ట్‌మెంటు హెడ్డు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. ఒకప్పుడు నా దగ్గర ఇదే పరీక్ష రెండుసార్లు తప్పిన ఘనుడు.

బోర్డు మీద గ్రాఫు గీశాను. "ఇది ముప్పై ఏళ్ల లెక్క. నా సబ్జెక్టులో పాసైనవాళ్లు గుమాస్తాలుగా మిగిలిపోయారు. తప్పినవాళ్లు అందలాలెక్కారు. సాక్ష్యం కావాలంటే వెనక్కి తిరిగి చూడండి."

క్లాసంతా గొల్లున నవ్వింది. హెడ్డు మొహం కందగడ్డయింది.

"అంటే ఫెయిలైతే పైకొస్తారనేగా అర్థం?" అన్నాను, ఎవరైనా వలలో పడతారేమోనని.

ముందు బెంచీలో అమ్మాయి లేచింది. "అలాగే అనుకోనక్కర్లేదు సార్. పైకొచ్చేలా కనిపించినవాళ్లనే మీరు ఏరి ఏరి ఫెయిల్ చేసుండొచ్చుగా?"

ఈసారి నవ్వింది హెడ్డొక్కడే.

"కోర్సు ఉంటుంది మాస్టారూ," అన్నాడు లేస్తూ. "ఇలాంటి ప్రశ్న అడిగే పిల్ల ఉండగా ఎత్తేస్తే పాపం. పేపర్లు మాత్రం ఇకమీదట వేరేవాళ్లు దిద్దుతారు."

డస్టరు తీసుకుని గ్రాఫు తుడిచేశాను. అతని రెండు పేపర్ల మీదా తెరిచి చూడకుండానే సున్నా చుట్టినవాణ్ణి నేను.