నడుముకి కట్టిన తాడు

అసిరయ్యకి డ్యూటీ మానేశాక మతి చెడిందని, బాత్రూమ్‌లో టైల్స్ పని చేసుకుంటున్న కొడుకు నడుముకి గేదెకి పలుపు కట్టినట్టు తాడు కట్టాడని ఎదురింటి చిలకమ్మ మేడ మీద నలుగురికీ చెప్పి నవ్విందట. ఆ మాటని పాల పాకెట్లతో పాటు ఇంటికి మోసుకొచ్చింది కోడలు ఉజ్వల.

"వీధంతా నవ్వుతన్నారు మావయ్యా. పైగా మీరు దండెం తాడు విప్పుకొచ్చేశారు, తడిబట్టలు బాల్చీలోనే ఉండిపోయాయి."

"నవ్వనీ. ఎండ యాడికీ పోదు" అన్నాడు అసిరయ్య. బాత్రూమ్ గుమ్మం ముందు పీట వేసుకుని, తాడు కొసని చేతికి రెండు చుట్లు చుట్టుకుని కూర్చున్నాడు.

లోపల హరికిరణ్ మోకాళ్ళ మీద ఉన్నాడు. టైల్స్ సందుల్లోంచి నీరు దిగి కింది వాటా వాళ్ళ కప్పు చెమ్మగిల్లుతోందని నెల రోజులుగా గొడవ. పోయిన ఆదివారం సందులు గీకి తెల్ల సిమెంటు నింపాడు. ఇవాళ సాక్చి బజార్లో కొనుక్కొచ్చిన సీలర్‌ని సన్నటి బ్రష్‌తో ఆ గీతల మీద పూస్తున్నాడు. డబ్బా మూత తీసినప్పటినుంచీ ఇల్లంతా పెయింటు షాపు కంపు. ఆ గదికి కిటికీ లేదు. ఉన్న ఒక్క కంతకీ పక్కింటి వాళ్ళు గోడ అడ్డం లేపేశారు.

"బస్ కరో నాన్నా, ఇంక సాలు! టైల్స్‌కి సీలర్ రాత్తన్నాను. గనిలోకి దిగలేదు."

"అప్పన్న కూడా ఇలాగే ఇకఇకలాడతా దిగినాడ్రా. గేస్ సెప్పి రాదు." అసిరయ్య గొంతు తగ్గింది. "ఆ రోజు స్టోర్‌లో తాడు లేదన్నారు. ఉంటే లాగీసీవోణ్ణి."

అప్పన్న చిలకమ్మ మొగుడు. అయిదేళ్ళ కిందట పనిచోట ట్యాంకు కడగడానికి దిగి మళ్ళీ పైకి రాలేదు. ట్యాంకు మూతి దగ్గర కాపలా ఉన్నది అసిరయ్యే.

"నేనొకసారి లాగితే నువ్వు రెండుసార్లు లాగాల. మరిసిపోకు" అన్నాడు కొడుకుతో.

అంతలో చిలకమ్మే గుమ్మంలోకి వచ్చింది, కొంగుతో ముక్కు మూసుకుని.

"ఏటన్నా, గేదె కుడితి తాగిందేటి?"

ఉజ్వల పక్కున నవ్వింది. హరికిరణ్ చెవులు ఎర్రబడ్డాయి. చెయ్యి చాపి తలుపు లాగేసుకున్నాడు. తాడు పట్టేంత సందు మిగిలింది.

"తలుపు తియ్‌రా!"

"అత్త ఎల్లాక తీత్తాను."

అసిరయ్య తాడు లాగాడు. అటునుంచి టక్కు టక్కున రెండు లాగులు వచ్చాయి.

చిలకమ్మ గోడకి చేరబడి కబుర్లు మొదలుపెట్టింది. అసిరయ్యకి అవేవీ వినిపించడం లేదు. మళ్ళీ లాగాడు. ఒకటి వచ్చింది. రెండోది చాలాసేపటికి వచ్చింది.

"హరీ, ఇంక సాలు, బయటికి రా."

"ఒక్క మూల... ఉంది" అంది లోపలి గొంతు, నిద్రలో పలికినట్టు.

మూడోసారి లాగాడు. ఒక్కటే వచ్చింది.

నాలుగోసారి తాడు బరువుగా బిగిసింది. అటునుంచి ఏమీ రాలేదు.

అసిరయ్య తలుపు తన్నాడు. ఘాటు గుప్పున ముఖానికి కొట్టింది. హరికిరణ్ గోడ వైపు ఒరిగి పడి ఉన్నాడు. బ్రష్ ఇంకా వేళ్ళ మధ్యే ఉంది.

"ఏమండీ!" ఉజ్వల లోపలికి దూకబోయింది. అసిరయ్య మోచేత్తో ఆమెని వెనక్కి నెట్టేశాడు.

"ఎల్లకు! నువ్వెల్తే ఇద్దరైపోతారు! తాడు పట్టు!"

లాగాడు. మనిషి కదల్లేదు. ఉజ్వల చేతుల్లోంచి తాడు జారిపోతోంది. ఆమెని పక్కకి తోసి చిలకమ్మ పట్టుకుంది. కొంగు నడుముకి దోపి, కాలు గడపకి తన్నిపెట్టి లాగింది. ఆ బిగువుకి హరికిరణ్ ఒళ్ళు సీలర్ తడి మీద జారి, బరబరా గుమ్మం దాటి వచ్చింది.

ముగ్గురూ కలిసి అతణ్ణి వరండాలోకి ఈడ్చారు. ముఖం తెల్లగా ఉంది. పెదాలు కదలడం లేదు. చిలకమ్మ చెంబెడు నీళ్ళు ముఖాన కొట్టింది. అసిరయ్య కొడుకు చొక్కా గుండీలు తెంపేసి రొమ్ము మీద చెవి ఆనించాడు. ఊపిరి ఉన్నట్టే ఉంది. లేనట్టూ ఉంది.

హరికిరణ్ దగ్గాడు. పక్కకి తిరిగి కక్కుకున్నాడు. కళ్ళు తెరిచి "పానీ" అన్నాడు.

ఉజ్వల ఏడుస్తూనే నవ్వింది. తాడు తీసి కళ్ళకద్దుకుంది.

"మతి చెడిందన్నావు కదా అత్తా! చూడు, నా పసుపుకుంకాలు కాపాడింది ఇదే. ఎంత గట్టి తాడో! నేను కాపరానికొచ్చిన కొత్తలో మావయ్యే డ్యూటీ నుంచి తెచ్చి మేడ మీద కట్టారు, బట్టలారేసుకోమని. ఏడేళ్ళ నుంచి దీనిమీదే ఆరేత్తన్నాను. ఒక్క పోగు లేవలేదు."

"ఉజ్వలా, ఆడికి మజ్జిగ తే" అన్నాడు అసిరయ్య గబుక్కున.

చిలకమ్మ తన అరచేతులు తిప్పి చూసుకుంది. తాడు ఒరుసుకుని ఎర్రగా రెండు చారలు తేలాయి. ఆ చారల మీంచి తలెత్తి అసిరయ్య ముఖంలోకి చూసింది.

"అయితే అన్నా, మా ఆయన దిగిన రోజు స్టోర్‌లో లేని తాడు మీ మేడ మీదుంది."