మోగని మేజోడు

"పది రోజుల్లో ఒక్కసారీ మోగలేదా, అత్తయ్యా?"

బరువు తక్కువతో పుట్టిన పసిపిల్లల పాదాలు చల్లబడితే కూతపెట్టే చవక మేజోళ్లు అల్లుడు చేసినవే. ఇవాళ్టితో పరీక్ష ఆఖరు. పనిచెయ్యలేదంటే రెండేళ్ల కష్టం చెత్తబుట్టకే.

"లేదు, ఇంజినీరుగారూ," అంది పసిపిల్లల వార్డులో పెద్ద నర్సయిన అత్తగారు. "మీ పెళ్లి బ్యాండూ ఇంతే, మోగనే లేదు."

అతను ఒక విడి మేజోడును చన్నీళ్ల గ్లాసుకు ఆనించాడు. కీచుమని కూసింది.

"బాగానే ఉందే!"

"ఆపండి బాబూ, పాప లేస్తుంది!" పక్క మంచం మీది తల్లి కసిరింది. "అది కూస్తుందనే కదా, దీన్ని గుండెల మీంచి దించట్లేదు!"

అతను చుట్టూ చూశాడు. ఉయ్యాలలన్నీ ఖాళీ. ప్రతి బిడ్డా తల్లి గుండెల మీద వెచ్చగా ఉంది.

అత్తగారు రిపోర్టు తీసింది. "పనిచెయ్యలేదని రాసెయ్యనా?"

"మోగే అవసరం రాలేదని రాయండి, అత్తయ్యా," అన్నాడతను గొంతు బాగా తగ్గించి.