అడగ్గానే వచ్చిన లైబ్రరీ

రాత్రి ఆఫీసులో ఆమె ఒక్కతే మిగిలింది. తెల్లారేసరికి ఎదురుగా ఉన్న కంప్యూటర్‌లో కంపెనీ పాత ప్రోగ్రాము నడవకపోతే ఉద్యోగానికే ఎసరు. సోర్సు కోడ్ నుంచి దాన్ని నడిచే రూపంలోకి బిల్డ్ చేస్తుంటే, దానికి కావలసిన లైబ్రరీ అనే తోడు ఫైలు ఒకటి లేదని ఎర్రర్ వచ్చింది. వేరే కంప్యూటర్ నుంచి పెన్‌డ్రైవ్‌లో తెద్దామని లేచి, ఎందుకైనా మంచిదని మళ్లీ నడిపి చూసింది. ఈసారి ఆ లైబ్రరీ ఉంది! ఇంకొకటి లేదంది. కాసేపటికి అదీ వచ్చి కూర్చుంది.

అనుమానంతో సీనియర్‌కి ఫోన్ చేసింది. "అన్నా, ఇంట్లోంచి నువ్వే పెడుతున్నావు కదూ? నాతో ఆటలాడకు."

"ఆ మెషిన్‌కి నెట్టే లేదు కదమ్మా! ఏం పెట్టాలన్నా దాని ముందు కూర్చునే పెట్టాలి. నీ పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"మరి ఆ కీబోర్డు చప్పుడేంటి?"

ఆమె రెండు చేతులూ ఫోను మీదే ఉన్నాయి. ఆమెకు ఏ చప్పుడూ వినబడటం లేదు. స్క్రీన్ మీద మాత్రం అక్షరాలు ఒక్కొక్కటే పడుతున్నాయి.