అన్నయ్య మోకాలు

“ఇంతకీ అన్నయ్య ఎప్పటికి పరిగెడతాడు డాక్టరమ్మా?”

ఆస్పత్రిలో అడుగుపెట్టగానే బక్కాయన అడిగే మొదటి ప్రశ్న ఇదే.

మంచం మీదున్న మీసాలాయన అతనికి చుట్టమేమీ కాదు. ఓ రాత్రి పరుగులో కాలు మడతపడి, మోకాలి లిగమెంటు పుటుక్కున తెగి, నడిరోడ్డు మీద కూలబడితే అంబులెన్సుకు ఫోన్ చేసింది ఈ బక్కాయనే. అప్పటినుంచీ పళ్ల సంచితో వస్తూనే ఉన్నాడు. “తోడబుట్టినవాడైనా ఇంతలా చూసుకోడు” అని మీసాలాయన భార్య కళ్లొత్తుకునేది.

“మామూలుగా అయితే ఏడాది పడుతుంది” అంది డాక్టరమ్మ. “ఈయనకి మాత్రం కొత్త వైద్యం చేశాం. తెగినచోట త్వరగా అతుక్కోమని కణాలకు చెప్పే జన్యువును మోకాల్లోకి ఎక్కించాం. ఊరికే కూర్చున్న కూలీల మీదికి మేస్త్రీని పంపామనుకోండి. పని చకచకా సాగుతోంది.”

బక్కాయన మొహం వాడిపోయింది. “ఏడాదే మంచిదేమోనండీ. నిదానమే ప్రధానం అన్నారు.”

“నామీద నీకెంత ప్రేమ తమ్ముడూ!” మీసాలాయన కళ్లు తుడుచుకున్నాడు.

బక్కాయనకూ కళ్లు చెమర్చాయి. అబద్ధమెందుకు, అన్నయ్యంటే అతనికి నిజంగానే అభిమానం. ఆ మోకాలి బెంగతో తిన్నది ఒంటబట్టడం లేదు.

పరీక్ష రోజు రానే వచ్చింది. ఆస్పత్రి వెనక ఖాళీ స్థలంలో డాక్టరమ్మ ఈల పట్టుకుని నిలబడింది.

“ఒక్కరినే పరిగెత్తమంటే ఈయన బద్ధకిస్తున్నారు. మీరు ముందు పరిగెత్తండి, ఈయన వచ్చి పట్టుకుంటారు.”

బక్కాయన గతుక్కుమన్నాడు. అయితే పరుగులో తనను మించినవాడు లేడని అతనికి కాస్త గర్వం. అన్నయ్య కాలి సంగతి కూడా స్వయంగా తేల్చుకోవచ్చు. సరేనన్నాడు.

ఈల మోగింది. బక్కాయన బాణంలా దూసుకుపోయాడు. వెనక అడుగుల చప్పుడు దగ్గరైంది. ఇంకా దగ్గరైంది. ఓ చెయ్యి వచ్చి కాలరు పట్టుకుంది.

డాక్టరమ్మ ఎగిరి గంతేసింది. నర్సులు చప్పట్లు కొట్టారు.

“నయమైపోయింది అన్నయ్యా!” రొప్పుతూనే నవ్వాడు బక్కాయన. “ఇక వదులు.”

మీసాలాయన వదల్లేదు. మెడ పక్కకి వాల్చి అతని వీపు వంక ఎగాదిగా చూశాడు.

“మొహం చూసి పోల్చుకోలేకపోయాను గానీ తమ్ముడూ, ఆ రాత్రి నగల షాపులోంచి నా టార్చిలైటు ముందు పరిగెత్తిన వీపు ఇదే, పద స్టేషనుకి!”