మొదటి సీసా

“నీ చేతిలో కాక ఇంకెవరి చేతిలో పాడయ్యాయమ్మా?” అంటూ తనిఖీ అధికారి కాగితాన్ని బల్ల మీద పడేశాడు.

లాబ్‌లో ఆయన్ని చాటుగా భూతద్దం అంటారు. ఎదురుగా నిలబడ్డ ఆమెని మాత్రం మొహం మీదే హస్తవాసమ్మ అంటారు. మనుషుల ఎముక మజ్జలోంచి తీసిన మూలకణాల్ని సీసాల్లో పెంచడం ఆమె పని. తర్వాత వాటిని రోగులకి ఎక్కిస్తారు. ఇంకొకరి చేతిలో నాలుగు వారాలకి ఎదిగేవి ఆమె చేతిలో మూడు వారాలకే ఎదిగేవి. అదంతా తన హస్తవాసే అనుకుని పొంగిపోయింది పిచ్చిది.

ఇప్పుడు తొమ్మిదో నంబరు దాత కణాల్లో ఒక క్రోమోజోము తగ్గింది. అలాంటివి ఎక్కిస్తే రోగికి మందు కాదు, కాన్సర్ పట్టుకుంటుంది.

“ప్రతిసారీ బాగా ఎదిగిన సీసాలోంచే తీసి పెంచావు కదూ?”

“అందరూ అంతేగా సార్? నీరసంగా ఉన్నవి పారేసి...”

“అదే కొంప ముంచింది. దారి తప్పిన కణమే అన్నిటికంటే ముందు ఎదుగుతుంది. నువ్వు దాన్నే ఏరి ఏరి మేపావు. పాముకి పాలు పోసినట్టు!”

బల్ల పట్టుకుని కూలబడింది. పదహారేళ్ళుగా తెచ్చుకున్న పేరు ఒక్క కాగితంతో మట్టిలో కలిసింది. ఇక ఈ గదిలో ఆమెకి సీసా కాదుగదా, చీపురు కూడా ఇవ్వరు.

“మొహమేంటి, సున్నం కొట్టినట్టుంది?” ఆయన గొంతు తగ్గింది. “మోచేతికి ఆ నల్లమచ్చ ఏమిటి?”

“పోయిన నెల ఇంక్యుబేటర్ తలుపు తగిలింది సార్. అది వదిలేయండి. మొదటి సీసా పరీక్ష చేయించండి, మీకు దణ్ణం పెడతాను.”

మజ్జ తీసిన రోజునే, పెంచకముందే, కొంచెం గడ్డకట్టించి దాస్తారు. అదే మొదటి సీసా. లోపం అందులోనే ఉంటే అది దాత ఒంట్లోది. లేకపోతే తప్పు ఆమెది.

“దాతలంతా మన లాబ్ వాళ్ళే, దుక్కల్లా ఉన్నారు. ఆ రోజు గుచ్చిన సూదికి నా నడుమే ఇంకా పట్టేస్తోంది,” అని గొణుక్కుంటూనే ఆ సీసాని పరీక్షకి పంపించాడు.

ఐదు రోజులు ఆమెకి అన్నం సయించలేదు. దేవుడా, లోపం మొదటి సీసాలోనే ఉండాలి, అని లేచినప్పటి నుంచీ ఒకటే మొక్కు. ఎవరికో మేలు చేద్దామని మజ్జ ఇచ్చిన మనిషికి చెడు కోరుకుంటున్నావే, సిగ్గులేదూ, అని మనసు తిట్టింది. సిగ్గేసింది. అయినా కోరుకుంది. ఎవరి పేరు వాళ్ళకి ముద్దు.

ఆరో రోజు పొద్దున్నే భూతద్దం వచ్చాడు.

“నిన్ను అనరాని మాటలన్నాను. క్షమించమ్మా. లోపం మొదటి సీసాలోనే ఉంది.”

ఆమె ఏడ్చింది, వెంటనే నవ్వింది. “నా చెయ్యి మంచిదే సార్!”

“మంచిదేనమ్మా. కానీ ఆ దాతకి రక్త కాన్సర్ మొదలైనట్టే. ఈ రోజే చెప్పాలి.”

సీసాల మీద నంబర్లే ఉంటాయి. పేర్లు సీలు వేసిన కవర్లలో ఉంటాయి. విప్పేటప్పుడు ఇద్దరుండాలని రూలు. ఆయన కవరు తీశాడు గానీ, సీలు దగ్గర వేళ్ళు ఆగిపోయాయి.

“ఆ రోజు వరసగా పడుకుని ఇచ్చాంగా అందరం. నాదే అయితే? నా వల్ల కాదు, నువ్వే విప్పు.”

పాపం, భూతద్దానికి చెమటలు పడుతున్నాయి. ఆమెకి జాలేసింది. “మీకేం కాదు సార్, గుండె రాయి చేసుకోండి,” అంటూ కవరు చింపింది.

చీటీ మీద ఆమె పేరుంది.