అరవని కప్పల ఒడంబడిక

వాన వెలిసింది, అయినా చెరువులో ఒక్క కప్ప కూడా అరవలేదు. కుర్రకప్ప నీలాలు గుండె మొదటిసారి ఝల్లుమన్నది అప్పుడే.

అరవకూడదని అందరూ ఒప్పుకున్నదే మరి. కొంగలు రాకుండా నీరుకట్టు పాము కాపలా కాస్తుంది, బదులుగా దాని నిద్ర చెడకుండా కప్పలు నోరు మూసుకోవాలి. ఒప్పుకున్న రోజు గొడవంతా దీనికేం పేరు పెట్టాలనే.

"ఇది ఒప్పందం," అంది ముసలికప్ప.

"కాదెహె, కరారు!" అంది పీత.

"పెద్దవాళ్ళ మధ్య జరిగితే ఒడంబడిక అంటారర్రా," అని తాబేలు మెడ చాచింది.

పాము నవ్వింది. "మీకు నచ్చిన పేరే పెట్టుకోండి. మాట తప్పకపోతే చాలు."

ఒడంబడికే ఖాయమైంది, అందరూ సంబరపడ్డారు. చీకటి పడ్డాక ఒకరు అరిస్తే ఇంకొకరు బదులు పలకడం, అలా అందరూ క్షేమమేనని తెలుసుకోవడం కప్పల ఆనవాయితీ. అది పోతుందని ఎవరికీ తట్టలేదు.

ఇప్పుడు నీలాలు చెల్లెలు కూర్చునే తామరాకు ఖాళీగా ఊగుతోంది. దాని పక్క ఆకూ అంతే. నీళ్ళ కింద ఏదో బరువుగా కదిలింది.

"ఎంత బుద్ధిమంతులర్రా!" ఎక్కడినుంచో ముద్దుగా వినిపించింది పాము గొంతు. "ఒక్కరూ మాట తప్పలేదు."

చెల్లెల్ని పిలిస్తే, తనెక్కడుందో పాముకి తెలిసిపోతుంది. పిలవకపోతే, చెల్లెలు ఉందో లేదో తనకి ఎప్పటికీ తెలియదు. నీలాలు గొంతు నిండా గాలి పట్టుకుని, ఈ కథ వింటున్న మీ వైపు తిరిగి కళ్ళతోనే అడుగుతోంది: ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?